జపాను పాఠం, తెలుగు పలక

మాది మూడు తరాలుగా చెన్నైలో స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటాం. బడిలో నేను చదివింది తమిళం, ఇంగ్లీషు. కాలేజీలో చేరాక సాయంత్రాలు జపనీస్ క్లాసుకు వెళ్ళసాగాను. హిరగాన 46 అక్షరాలు త్వరగానే పట్టుబడ్డాయి. వాక్యాలే కొరుకుడు పడలేదు. పాఠాలు ఇంగ్లీషులో చెప్పడంతో ప్రతి వాక్యాన్నీ ఇంగ్లీషులో ఆలోచించి తిరగేసేదాన్ని.

"ఏమిటే ఆ కుస్తీ?" అంది అమ్మమ్మ ఒకరోజు. "వతాషి వ గోహన్ ఒ తబెమాస్" అని చదివి, మాటకు మాట అర్థం చెప్పాను: నేను, అన్నం, తింటాను.

"మన వరసే కదే!" అని నవ్వింది.

నిజమే! తెలుగులోనూ తమిళంలోనూ లాగే క్రియ చివరే. 'టోక్యో ని' అంటే టోక్యోకి. ప్రశ్నకు మనం చివర 'ఆ' చేర్చినట్టే వాళ్ళు 'క' చేరుస్తారు. గోహన్ అంటే అన్నమూ, భోజనమూ కూడా! అప్పట్నించీ తెలుగులోనే ఆలోచించాను. కంజి అక్షరాలకు మాత్రం బట్టీ తప్పలేదు. అయిదు మెట్లలో మొదటిదైన ఎన్5 పరీక్ష డిసెంబరులో గట్టెక్కాను.

ఆ సర్టిఫికెట్టు చూసి మురిసిపోయిన అమ్మమ్మ, పెట్టెలోంచి తాతయ్య పాత ఉత్తరం తీసి, "నాకు చూపు ఆనడం లేదు, చదివి పెట్టవే" అంది. ఒక్క ముక్క చదవలేకపోయాను. తలెత్తి ఆమెను చూడలేకపోయాను.

ఇప్పుడు రోజూ రాత్రి ఆమె దగ్గరే అ, ఆలు దిద్దుతున్నాను. ఉత్తరం సగం అయింది. మీ ఇంట్లోనూ అలాంటి ఉత్తరాలుంటే, చదివేవాళ్ళెవరో ఒకసారి చూసుకోండి.