శాస్త్రగణనకును చిత్రరచనకును తగిన కంప్యూటరు

బంగారము కొనునపుడు తరుగెంత, మజూరీ యెంత యని యడుగక మానని గృహిణులు, వేలకు వేలు పోసి కంప్యూటరు కొనునపుడు మాత్రము అంగడివాడు చెప్పిన దానికెల్ల తల యూచి వచ్చుచుందురు. 2022వ సంవత్సరమున మేమును అట్లే చేసితిమి. భౌతికశాస్త్రము చదువుచున్న మా యమ్మాయి కొఱకు, రంగురంగుల దీపములు వెలుగు పెట్టెను జూచి మురిసి కొనితెచ్చితిమి. దీపములు చక్కగా వెలిగినవి గాని, గణితము ఆరంభించిన కొంతసేపటికే యంత్రము నిలిచిపోయెడిది. పిల్ల కన్నీరు పెట్టుకొనిన పిదప మేము నేర్చిన సంగతులను సోదరీమణులకు మనవి చేయుచున్నాము.

కంప్యూటరును వంటయింటితో పోల్చి చూడుడు. ప్రాసెసరు వంట చేయు నేర్పరి. ర్యామ్ ఆమె ముందున్న గట్టు. ఎస్.ఎస్.డి. సామానుల గది. గట్టు ఇరుకైనచో ఎంత నేర్పరియైనను మాటిమాటికి గదికి నడువవలసినదే. గ్రాఫిక్సు కార్డన్ననో, అప్పడము లొత్తుటకు గూడిన వాడకట్టు స్త్రీలవంటిది. ఒక్కొక్కరిది చిన్నపనియే, అందఱు నొక్కసారి చేయుటచే పని త్వరగా తెమలును. 4కె చిత్రమున 3840 చుక్కల వెడల్పు, 2160 చుక్కల యెత్తు, అనగా దాదాపు 83 లక్షల చుక్కలుండును. వానికి రంగులు కూర్చుట యట్టి పనియే.

మా పెట్టెలో ర్యామ్ 8 గిగాబైట్లు మాత్రమే. పదివేల వరుసలు, పదివేల నిలువులు గల సంఖ్యల పట్టికలో పదికోట్ల సంఖ్యలుండును. ఒక్కొక్కదానికి 8 బైట్ల చొప్పున 80 కోట్ల బైట్లు కావలెను. గణనలో అట్టి పట్టికలు ఐదారు ఒక్కసారి నిలిచినచో గట్టు నిండిపోవును. కావున 16 గిగాబైట్లు కనీసము, 32 మేలు. ఒకే కొలత గల రెండు పలకలుగా కొనినచో వేగము హెచ్చును.

గ్రాఫిక్సు కార్డు కొనుటకు ముందు, ఏ ప్రోగ్రాము వాడుదురో పిల్లలనే యడుగుడు. ఎన్విడియావారు 2007లో వెలువరించిన కూడా పద్ధతి ననుసరించి వ్రాసిన శాస్త్ర ప్రోగ్రాములు పెక్కు గలవు. వానికి ఆ కంపెనీ కార్డే కావలెను. బ్లెండరుతో బొమ్మలు చేయువారు కార్డునకు స్వంతముగా నెంత మెమరీ కలదో చూడవలెను. సామాన్యపు కార్డులు 64 బిట్ల సూక్ష్మగణనలో మిక్కిలి మందగించును గనుక, అట్టి పని గలవారు ధనమును ప్రాసెసరునందు పెట్టుట యుక్తము. గణాంకములు, రేఖాపటములు మాత్రమే చాలునన్నచో ప్రాసెసరులోని గ్రాఫిక్సే సరిపోవును. కార్డును తరువాత చేర్చుకొనవచ్చును.

పొదుపునకు తావులు లేకపోలేదు. లినక్సు, పైథాన్, గింప్, బ్లెండరు అన్నియు ఉచితములే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచిత రక్షణ ముగిసినదని పాత యంత్రములను పారవేయ నక్కఱలేదు. లినక్సుతో వానిని నడుపవచ్చును. పాత కార్డు కొనువారు మాత్రము దానిని గంటసేపు పనిచేయించి చూచి కొనవలెను. 2022 సెప్టెంబరులో ఎథీరియం నాణెపు తవ్వకము ఆగిన పిమ్మట, రేయింబవళ్లు శ్రమపడిన కార్డులు పెక్కు అంగళ్లకు వచ్చినవి.

పొదుపు చేయగూడని చోట్లు మూడు: విద్యుత్తు నందించు పవర్ సప్లయి, కరెంటు పోయినపుడు ఆదుకొను యు.పి.ఎస్., చేసిన పనికి నకలు దాచు రెండవ డిస్కు. చిత్రరచన చేయువారు రంగులను నిజముగా జూపు ఐ.పి.ఎస్. తెరను గూడ కోరవలెను.

తుదకు మేము ఆ పెట్టెలోనే 16 గిగాబైట్ల పలకలు రెండు పెట్టించితిమి. దీపములకు పోసిన సొమ్ముతో మొదటనే వానిని కొనియున్నచో పిల్లకు నెలల కాలము కలిసివచ్చియుండును. ఇప్పుడు గణితము నడుచుచున్నది. దీపముల నార్పివేసితిమి.