రౌటర్‌లో పోర్టు తెరిచే ముందు

ఐనవిల్లిలో ఓ ఇల్లు, వెనక కొబ్బరితోట. ఇంట్లో పెద్దవాళ్లిద్దరే. పిల్లలు కువైట్‌లో ఉన్నారు. వీధి గుమ్మానికీ, దింపు కాయలు రాశి పోసే చోటికీ కెమెరాలు పెట్టించి, వాటి బొమ్మల్ని రికార్డు చేసే డీవీఆర్‌ను ఇంటి రౌటర్‌కు కలిపారు. ఇంటి వైఫైలో బొమ్మ చక్కగా వస్తుంది, కువైట్‌లో రాదు. ‘పోర్ట్ ఫార్వర్డింగ్ చేయాలండీ’ అంటాడు కెమెరాలు బిగించిన కుర్రాడు. ఇలాంటి ఇళ్లు కోనసీమలో బోలెడు.

రౌటర్ ఇంట్లో పరికరాలకిచ్చే చిరునామాలు ఎక్కువగా 192.168తో మొదలవుతాయి. అవి ఇంటి లోపలే చెల్లుతాయి. లోపలి ఫోన్ ఏదైనా అడిగితే, జవాబు ఎవరికివ్వాలో రౌటర్‌కు గుర్తుంటుంది. బయటినుంచి పిలవకుండా వచ్చినదాన్ని మాత్రం ఎవరికివ్వాలో తెలియక వదిలేస్తుంది. ‘ఫలానా పోర్టుకు వచ్చింది ఫలానా పరికరానికి పంపు’ అని ముందే రాసిపెట్టే రూలే పోర్ట్ ఫార్వర్డింగ్.

రూలు రాసేముందు రౌటర్ పేజీలో వాన్ ఐపీ, అంటే రౌటర్ బయటివైపు చిరునామా, చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య గానీ, ‘10.’తో గానీ మొదలైతే మీ రూలు పనిచేయదు. ఐపీవీ4 చిరునామాలు మొత్తం 430 కోట్ల లోపే కాబట్టి, చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఒకే చిరునామాను ఎందరికో పంచుతాయి. దీన్నే సీజీనాట్ అంటారు. అప్పుడు పబ్లిక్ ఐపీ కావాలని కంపెనీనే అడగాలి, దానికి సాధారణంగా అదనపు రుసుము ఉంటుంది. వాన్ ఐపీ 192.168తో మొదలైతే, ముందున్న ఫైబర్ పెట్టె కూడా రౌటర్‌గా పనిచేస్తోందన్నమాట. దాని రౌటర్ పని ఆపించి, బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించాలి.

ఆ అడ్డు లేకపోతే డీవీఆర్ చిరునామాను డీహెచ్‌సీపీ రిజర్వేషన్‌తో ఖాయం చేయండి. లేకుంటే కరెంటు పోయి వచ్చాక అది మారిపోవచ్చు, రూలు మరో పరికరాన్ని చూపిస్తుంది. రూలులో నాలుగు గడులుంటాయి: బయటి పోర్టు, లోపలి చిరునామా, లోపలి పోర్టు, టీసీపీయా యూడీపీయా అన్నది. ఉదాహరణకు 8000, 192.168.1.50, 8000, టీసీపీ. అసలు నంబరు మాత్రం డీవీఆర్ నెట్‌వర్క్ మెనూలో చూసే వేయాలి. పరీక్షించేటప్పుడు ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటాతో చూడండి. సొంత వైఫైలో ఉండి బయటి చిరునామాతో ప్రయత్నిస్తే కొన్ని రౌటర్లు తిరిగి లోపలికి రానివ్వవు. పని కాలేదని డీఎంజెడ్ ఆన్ చేయొద్దు. అది ఆ పరికరానికి దాదాపు అన్ని పోర్టులూ తెరిచేస్తుంది.

పోర్టు తెరిస్తే ప్రమాదమూ ఉంటుంది. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ కంపెనీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలనూ, డీవీఆర్‌లనూ వెతికి పట్టుకుంది. ఆ ఏడు అక్టోబరు 21న అలాంటి పరికరాలతో జరిగిన దాడికి ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ సైతం చాలామందికి అందలేదు. బయటి పోర్టు నంబరు మార్చినంత మాత్రాన రక్షణ రాదు, వెతికేవాళ్లు అన్ని నంబర్లూ తడుముతారు. పాస్‌వర్డ్ మార్చాలి, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయాలి, పరికరాలు తమంతట తామే పోర్టులు తెరుచుకునే యూపీఎన్‌పీని ఆపాలి. రౌటర్ పేజీని ఎప్పుడూ బయటికి తెరవకూడదు.

నిజానికి తోట చూసుకోవడానికి చాలా ఇళ్లకు ఈ రూలే అక్కర్లేదు. కెమెరా కంపెనీ యాప్‌లో డీవీఆరే బయటి సర్వర్‌తో మాట్లాడుతుంది కనుక సీజీనాట్ ఉన్నా బొమ్మ వస్తుంది. కంపెనీని నమ్మడం ఇష్టం లేనివాళ్లు, పబ్లిక్ ఐపీ ఉంటే, డీవీఆర్‌కు బదులు వీపీఎన్‌కు ఒక్క పోర్టు తెరిస్తే చాలు. వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌కైతే వాడుకలో ఉన్నది యూడీపీ 51820. వాడని రూలు కనిపిస్తే ఈరోజే తీసేయండి.