భవనముల నాడి

సంతలో కుండ కొనువారు ముందుగా దానిని వ్రేళ్లతో తట్టి చూతురు. ఖంగున మ్రోగినచో కుండ గట్టిది. బొంగురుగా పలికినచో కంటికి కానరాని బీట ఎక్కడనో యున్నదని గ్రహింతురు. ఇరువది అంతస్తుల భవనమునకు సయితము ఇట్టి పరీక్ష కలదు. అయితే దానిని తట్టవలసిన పని లేదు. గాలి వీచినను, వీథిలో లారీ సాగినను, అది మనకు తెలియనంత సన్నగా కదలుచునే యుండును.

ఈ ఊపునకు ఒక లయ కలదు. ఒక ఊపు పూర్తియగుటకు పది అంతస్తుల భవనమునకు సుమారు ఒక సెకను, ఇరువది అంతస్తుల దానికి రెండు సెకనులు పట్టునని ఇంజనీరులు స్థూలముగా లెక్కింతురు. కట్టడము బిగువుగా నున్నకొలది ఊపు వడిగా సాగును. బరువు హెచ్చినకొలది మందగించును. స్తంభములలోగాని దూలములలోగాని పగుళ్లు పడి బిగువు సడలినచో, బరువు మారకున్నను లయ మందగించును. కదలికలోని మార్పును కొలుచు సున్నితమైన పరికరములు దీనిని నమోదు చేయును. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన 21 అంతస్తుల గ్రీన్ భవనమున ఇట్టివి 36 అమర్చిరి. వివిధ అంతస్తుల కదలికలను పోల్చి చూచినచో, దెబ్బ ఏ భాగమున తగిలినదో కొంతవరకు ఊహింపవచ్చును.

కంటిచూపు చాలదా యని సందేహము కలుగవచ్చును. 1994 జనవరి 17న లాస్ ఏంజిలిస్ ప్రాంతమున నార్త్‌రిడ్జ్ భూకంపము సంభవించినది. పెక్కు ఉక్కుచట్రపు భవనములు పైకి చెక్కుచెదరనట్లే కనబడినవి. తరువాత పైపొరలను తొలగించి చూడగా, దూలములను స్తంభములతో కలిపిన అతుకులు పగిలియుండెను. అట్టి భవనములోనికి జనులు మరల అడుగిడవచ్చునా యనునది ప్రాణములతో ముడిపడిన ప్రశ్న.

అయినను లయ తగ్గిన ప్రతిసారియు ప్రమాదమని యెంచరాదు. లాస్ ఏంజిలిస్ చేరువనున్న పసడీనా నగరమున, చిరకాలము మిల్లికన్ గ్రంథాలయమని పిలువబడిన తొమ్మిది అంతస్తుల కాంక్రీటు భవనమును 1960 దశాబ్దము చివర నిర్మించిన నాటినుండియు పరీక్షించుచు వచ్చిరి. 1971, 1987 సంవత్సరముల భూకంపముల తరువాత దాని లయ మందగించినది. తూర్పు పడమరల దిశలో సెకనుకు ఊగు మారులు నిర్మాణము నాటికంటె 22 శాతము తగ్గినవని 2006లో వెలువడిన పరిశోధన తెలిపినది. ఐనను ఆ భవనము కూలలేదు, వాడుకలోనే నిలిచినది. అంతేకాదు, పెద్దవాన కురిసినప్పుడు దాని లయ కొంచెము వడి హెచ్చును. పెనుగాలి వీచినప్పుడు తగ్గును. ఋతువు తెచ్చిన మార్పేదో, గాయము తెచ్చిన మార్పేదో వేరుపరచుటయే ఈ విద్యలోని కష్టము.

కావున భూకంపము వచ్చిన పిమ్మట పరికరములకై పరుగెత్తుట చాలదు. భవనము ఆరోగ్యముగా నున్ననాడే దాని నాడిని ఎండలోను, వానలోను వ్రాసి యుంచవలెను. ఆ లెక్క చేతనున్నచో, ఏ గోడ పూతను ముందుగా విప్పి చూడవలెనో ఇంజనీరునకు తెలియును. తుది తీర్పు మాత్రము, ఆ గోడ వెనుకనున్న అతుకును స్వయముగా పరిశీలించిన మీదటనే చెప్పవలెను.