రెండంగుళాల తేడా

బ్రిటన్ ఆవ్రో కంపెనీ తయారుచేసిన ‘మాంచెస్టర్’ బాంబర్‌కు రెండే ఇంజన్లు. ఆ వల్చర్ ఇంజన్లు ఆకాశంలోనే మొరాయించేవి, మంటలంటుకునేవి. డిజైనర్ రాయ్ చాడ్విక్ దాని రెక్కలు పొడిగించి, నమ్మదగిన మెర్లిన్ ఇంజన్లు నాలుగు బిగించాడు. 1941 జనవరి 9న తొలిసారి ఎగిరిన ఆ విమానమే లాంకాస్టర్. మొత్తం 7,377 తయారయ్యాయి.

దాని గొప్పతనమంతా పొట్టలో ఉంది. 33 అడుగుల పొడవున ఎక్కడా అడ్డులేని బాంబుల అర. చివరికి దాదాపు పది టన్నుల గ్రాండ్ స్లామ్ బాంబును కూడా మోసింది. ముందు బాంబులకు చోటు చూసి, మిగిలినదాంట్లో మనుషుల్ని సర్దారు. రెక్కల్ని కలిపే దూలం విమానం నడుమ అడ్డంగా ఉండేది. బరువైన చలిదుస్తుల్లో, చీకట్లో, దాన్ని ఎక్కి దిగితేగానీ ఇటువాళ్లు అటు పోలేరు.

లోపల ఏడుగురు. రెండో పైలట్ లేడు. పైలట్ పక్కన ఫ్లైట్ ఇంజనీర్ ఉండేవాడు. జట్టు కట్టే పద్ధతి విచిత్రం. పైలట్లనూ నావిగేటర్లనూ గన్నర్లనూ ఓ పెద్ద షెడ్డులో వదిలి, మీలో మీరే జతకూడండి అనేవారు. ఇంజనీర్ తర్వాత వచ్చి చేరేవాడు. ముఖం చూసి, మాట కలిపి, ఇరవై దాటీ దాటని కుర్రాళ్లు ఒకరి చేతుల్లో ఒకరు ప్రాణాలు పెట్టుకున్నారు. ముప్ఫై దాడులు పూర్తిచేస్తే కొన్నాళ్లు విశ్రాంతి.

అందరికంటే ఒంటరివాడు తోక గన్నర్. వెనక్కి తిరిగి కూర్చుని, గంటల తరబడి గడ్డకట్టే చలిలో చీకట్లోకి చూడటమే అతని పని. చలికి కరెంటుతో వేడెక్కే సూటు ఇచ్చారు. చూపుకు అడ్డొస్తోందని కొందరు ఎదుటి పలకను కోసేయించుకునేవారు. అతను కూర్చునే టరెట్‌లో పారాచూట్‌కు చోటు లేదు. అది వీపు వెనక, తలుపు అవతల ఉండేది.

1944 మార్చి 24 రాత్రి బెర్లిన్ దాడి నుంచి తిరిగివస్తున్న లాంకాస్టర్‌కు నిప్పంటుకుంది. తోక గన్నర్ నికొలస్ ఆల్కమేడ్ తలుపు తీసి చూస్తే పారాచూట్ కాలిపోతోంది. మంటల్లో చావడం కంటే ఇదే నయమని 18,000 అడుగుల ఎత్తు నుంచి దూకేశాడు. చెట్ల కొమ్మలూ, మంచూ దెబ్బను కాచుకున్నాయి. పెద్ద గాయాలేవీ లేకుండా బతికాడు. అతని మాట జర్మన్లు మొదట నమ్మలేదు. శిథిలాల్లో ఆధారాలు చూశాకే ఒప్పుకున్నారు.

అందరికీ అంత అదృష్టం ఎక్కడిది? బ్రిటన్ వైమానిక దళపు బాంబర్ కమాండ్ కేంద్రంలో లెక్కలు కట్టేందుకు 1943లో 19 ఏళ్ల ఫ్రీమన్ డైసన్ చేరాడు. అనుభవం పెరిగేకొద్దీ బతికే అవకాశం పెరుగుతుందని సిబ్బందికి చెబుతుండేవారు. అది నిజం కాదని, పాతవాళ్లూ కొత్తవాళ్లూ ఒకేలా రాలిపోతున్నారని అతని లెక్కల్లో తేలింది.

మరో లెక్క ఇంకా చేదు. కూలిన మరో రకం బ్రిటిష్ బాంబర్లు హాలిఫాక్స్‌ల నుంచి నూటికి పాతికమంది బయటపడుతుంటే, లాంకాస్టర్ల నుంచి పదిహేనుమందే. హాలిఫాక్స్ తప్పించుకునే తలుపు వెడల్పు 24 అంగుళాలు, లాంకాస్టర్‌ది 22. ఒంటికి పారాచూట్‌తో, గిరగిరా తిరిగే విమానంలో, ఆ రెండంగుళాలే చావుబతుకుల మధ్య గీత. డైసన్ సహోద్యోగి పట్టువదలకుండా పోరాడితే తలుపు వెడల్పు చేయడానికి ఒప్పుకున్నారు. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం ముగింపుకొచ్చింది.

బాంబర్ కమాండ్ విమాన సిబ్బంది సుమారు 1,25,000 మందిలో 55,573 మంది చనిపోయారు. వాళ్లు బాంబులు వేసిన జర్మన్ నగరాల్లో పోయిన పౌరులు లక్షల్లో. కమాండ్ అధిపతి ఆర్థర్ హారిస్ మాత్రం హాలిఫాక్స్‌లు ఆపి లాంకాస్టర్లే తయారుచేయమని అడిగేవాడు. పోగొట్టుకున్న ఒక్కో విమానానికి ఎన్ని టన్నులు కురిపించామన్నది ఆయన కొలత. ఆ కొలతలో ఆయన మాట నిజమే: లాంకాస్టర్ ఎక్కువ ఎత్తున ఎగిరేది, తక్కువగా కూలేది, ఎక్కువ మోసేది. కూలాక లోపలున్న ఏడుగురి సంగతేమిటన్నది ఆ లెక్కలో లేదు. అందుకే తలుపు వెడల్పు చేయించడానికి రెండేళ్లు పోరాడాల్సి వచ్చింది.