ధింసా చూసే కళ్లు

అరకు లోయకు వెళ్లే మన కుటుంబాలు బొర్రా గుహలు, కాఫీ తోటలు చూసి, హోటల్ ఆవరణలో ధింసా నృత్యానికి ఓ ఫోటో తీసుకుని తిరిగొస్తాయి. ఈసారి కాసేపు ఆగి చూడండి. పోర్జా, భగత, వాల్మీకి, కోటియా తెగల స్త్రీలు పదిహేను ఇరవై మంది ఒకరి వీపు వెనుక ఒకరు చేతులు పెనవేసుకుని, తుడుము, డప్పు, మోరి వాద్యాలకు అడుగులు కలుపుతారు. 'పోతర్ తోలా'లో అడవి ఆకులు ఏరుకునే పని కనిపిస్తుంది. 'బాగ్ ధింసా'లో పులి బారి నుండి తప్పించుకోవడం ఉంటుంది. 'బోడ ధింసా' మాత్రం గ్రామదేవత కొలుపు. తౌహీద్‌ను విశ్వసించే మనం అందులో పాలుపంచుకోలేం. అంతమాత్రాన హేళన చేసే హక్కు మనకు లేదు.

మస్జిదె నబవీలో హబషీలు ఈటెలతో ఆడుతుంటే, దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (ర)ను తనివితీరా చూడనిచ్చారని సహీహ్ బుఖారీలో ఉంది. మానవులు జాతులుగా, తెగలుగా ఉన్నది పరస్పర పరిచయం కోసమేనని హుజురాత్ సూరా 13వ ఆయతు బోధిస్తోంది. పరిచయమంటే ఫోటో కాదు. ఆడిన వారి పేరు, ఊరు అడగండి. ఇచ్చే డబ్బు విసరకుండా చేతికందించండి. పిల్లలు మనల్ని చూసే నేర్చుకుంటారు.

అల్లాహ్ మనకు ఆ సంస్కారం ప్రసాదించుగాక! ఆమీన్.