సిరికొండ భవితవ్యము – గ్రామాభిప్రాయము

పల్లెటూరి భవిష్యత్తును నిర్ణయింపవలసినవారు పల్లెవాసులే యనుటలో నేడు ఎవరికిని భేదాభిప్రాయము లేదు. శాసనములును ఆ మాటనే చెప్పుచున్నవి, మంత్రులును ఆ మాటనే చెప్పుచున్నారు. కాని గ్రామాభిప్రాయ మనగా ఎవరి అభిప్రాయము? దానిని ఏ విధముగా అడుగవలెను? అడిగిన పిమ్మట దాని గతి యేమి? ఈ మూడింటికి సమాధానము లేక ప్రణాళికలు వ్రాయుట పునాది లేని ఇంటికి సున్నము వేయుటవంటిది. 2024 ఫిబ్రవరి మొదలు దాదాపు రెండేండ్లు సాగిన ప్రత్యేకాధికారుల పాలన ముగిసి, 2025 డిసెంబరులో తెలంగాణ గ్రామపంచాయతులకు ఎన్నికలు జరిగినవి. కొత్త సర్పంచులు తమ గ్రామములకు ఏమి చేయవలెనని యోచించు ఈ కాలమున ఈ విషయమును మా పాఠకుల యెదుట ఉంచుట సమయోచితమని తలంచుచున్నాము.

ఉదాహరణముగా నిజామాబాదు జిల్లాలోని సిరికొండను గైకొందము. మండలకేంద్రమైన ఈ గ్రామము జిల్లా పట్టణమునకు తూర్పున, కొండలకును అడవికిని దాపున ఉన్నది. 1931లో పూర్తియైన నిజాంసాగరు బోధను, వర్ని ప్రాంతములకు కాలువనీరిచ్చి చెరకును వరిని పండించినది. ఆ భాగ్యము సిరికొండ మెట్టభూములకు కలుగలేదు. ఇచ్చటి సేద్యమునకు చెరువులు, బోరుబావులే ఆధారము. కప్పలవాగు పొంగినప్పుడు దారులు తెగును, ఎండినప్పుడు బావులు అడుగంటును. గ్రామము చుట్టును తండాలు కలవు. జిల్లాలోని అనేక గ్రామములవలెనే ఇచ్చటను మగవారు గల్ఫు దేశములకు వలసపోవుటయు, ఆడవారు బీడీలు చుట్టి ఇల్లు నడుపుటయు పరిపాటి.

ఇట్టి గ్రామములో అందరి కోరికయు ఒక్కటే యని ఎట్లు చెప్పగలము? భూస్వామి ధాన్యము కొనుగోలు కేంద్రమును, పొలమునకు బాటను కోరును. కౌలుదారు పంట నష్టపోయినప్పుడు పరిహారము తన చేతికి రావలెనని కోరును. బీడీలు చుట్టు స్త్రీ ఇంటికి దగ్గరలో వైద్యమును, కూతురు చదువునకు బస్సును కోరును. తండావాసి అడవి అంచున దున్నుకొను చెలకకు హక్కుపత్రము కోరును. ఒక్క ఊరిలో నాలుగు ఊళ్లున్నవి. వీనిలో ఏ ఊరి మాట గ్రామాభిప్రాయముగా కాగితమున కెక్కునో దానినిబట్టి గ్రామ భవితవ్యము మారిపోవును.

శాసనమునకు కొరత లేదు. 1992లో ఆమోదింపబడిన రాజ్యాంగపు 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చి గ్రామసభకు రాజ్యాంగములో స్థానము కల్పించెను. పంచాయతులకు అప్పగింపదగిన 29 విషయములను పదునొకండవ షెడ్యూలు పేర్కొన్నది. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము 2018లో వచ్చినది. రెండు మాసముల కొకమారు గ్రామసభ జరుపవలెనని అది విధించుచున్నది. ప్రణాళికలకును కొరత లేదు. 2014 జూలైలో 'మన ఊరు – మన ప్రణాళిక' పేర గ్రామగ్రామమున సభలు జరిపి కోరికల పట్టికలు వ్రాసిరి. 2018 అక్టోబరు 2 మొదలు కేంద్రప్రభుత్వము ప్రజాప్రణాళికోద్యమమును నడపెను. 2019 సెప్టెంబరులో పల్లెప్రగతి వచ్చెను. ఏ కొత్త ప్రణాళికకైనను మొదటి పని పాత పట్టికలను బయటికి తీసి సభలో చదువుట. ఏ కోరిక తీరినది, ఏది తీరలేదు, ఎందుచేత తీరలేదు? ఈ లెక్క చెప్పక మరల కోరికలు చెప్పుడనినచో చెప్పువారికి ఉత్సాహ మెక్కడిది?

ఇంటింటికి పోయి వివరములు వ్రాసికొనుట వేరు, అభిప్రాయ మడుగుట వేరు. 2014 ఆగష్టు 19న ఒక్కదినములో రాష్ట్రమంతటను సమగ్ర కుటుంబ సర్వే జరిగెను. 2023 డిసెంబరు 28 మొదలు 2024 జనవరి 6 వరకు ప్రజాపాలన దరఖాస్తులు గైకొనిరి. 2024 నవంబరులో మరల ఇంటింటి సర్వే జరిగెను. ఇవి అన్నియు అవసరమైనవే. కాని వీనిలో అడిగినది ఇంటిలో ఏమి కలదు, ఇంటికి ఏ పథకము కావలెను అని. ఊరు పదేండ్లకు ఎట్లుండవలెనని కాదు. అందుచేతనే 2025 జనవరి 21 నుండి 24 వరకు జరిగిన గ్రామసభలలో పలుచోట్ల లబ్ధిదారుల జాబితాలపై వాగ్వాదములు చెలరేగినవి. జాబితాలో తన పేరు వెదకికొనుటకు వచ్చినవానికి చెరువు మాట తలపునకు రాదు. ఇది ప్రజల దోషము కాదు, అడిగిన ప్రశ్న దోషము.

రెండవది ధనము. పంచాయతీకి వచ్చు సొమ్మెంత, అందు తన యిష్టానుసారము ఖర్చు చేయదగిన భాగమెంత యని తెలియక కోరికలు చెప్పించుట పిల్లలకు ఆకాశములోని చందమామను చూపుటయే. 15వ ఆర్థికసంఘము 2021–26 కాలమునకు గ్రామీణ స్థానికసంస్థలకు ఇచ్చిన నిధులలో నూటికి 60 వంతులు త్రాగునీటికిని పారిశుద్ధ్యమునకును కట్టుబడినవి. తక్కిన 40 వంతులే గ్రామపు ఇతర అవసరములకు మిగిలినవి. కేరళలో 1996లో ప్రజాప్రణాళికోద్యమ మారంభించినప్పుడు రాష్ట్ర ప్రణాళికా నిధులలో నూటికి 35 నుండి 40 వంతులు స్థానికసంస్థలకు ముందుగా కేటాయించి, పిమ్మట ప్రజలను యోచింపుమనిరి. చేతిలో ధన మున్నది గనుక ఆ యోచనకు విలువ కలిగెను. సిరికొండ సభలోను మొదట గోడమీద వ్రాయవలసినది ఆదాయవ్యయముల లెక్కయే.

చదువురానివారికి భవిష్యత్తును గూర్చి ఏమి తెలియునని కొందరు అనుచుందురు. వారికి మన పొరుగుననే సమాధానము కలదు. 2001లో మెదకు జిల్లా ఆల్గోలు గ్రామమున 'ప్రజాతీర్పు' అను పేర ఒక విచారణ జరిగెను. నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు 'విజన్ 2020' పత్రమును, వ్యవసాయ భవిష్యత్తును గూర్చిన ఇతర మార్గములను చిన్నరైతులయెదుట ఉంచిరి. న్యాయనిర్ణేతలలో స్త్రీలే అధికులు. వారు సాక్షులను పిలిపించి ప్రశ్నించి, దినములకొలది విని, భూమిపై బ్రతుకువారి సంఖ్యను నూటికి 70 నుండి 40కి తగ్గింపవలెనను తలంపును తిరస్కరించిరి. ఆ తీర్పుతో ఏకీభవించుట, ఏకీభవింపకుండుట వేరు విషయము. తగిన సమాచార మిచ్చి, తగిన వ్యవధి యిచ్చి అడిగినచో నాగలి పట్టినవారు విజ్ఞతతో ఉత్తర మీయగలరని అది నిరూపించినది.

ఇక మా పాఠకులలోని భూస్వాములకు ఒక మాట చెప్పక తప్పదు. నిజామాబాదు జిల్లాలో గ్రామాభివృద్ధి కమిటీలు అను కట్టుబాటు బలమైనది. అవి చట్టమునుండి పుట్టినవి కావు, ఊరి ఐకమత్యమునుండి పుట్టినవి. ఆర్మూరు సమీపమున అంకాపూరు విత్తనోత్పత్తిలోను, కూరగాయల వ్యాపారములోను పేరొందుటకు అట్టి కట్టుబాటు తోడ్పడినది. కాని అదే కట్టుబాటు కొన్ని గ్రామములలో ఎదురుచెప్పిన కుటుంబములను వెలివేయుటకును దిగి, కేసులవరకు పోయినది. నలుగురు పెద్దలు చావడిలో కూర్చుండి తేల్చినదే గ్రామాభిప్రాయ మనుకొనుట నిజాము కాలపు అలవాటు. నాడు జమాబందికి వచ్చిన అధికారికి పటేలు, పట్వారీల మాటయే ఊరి మాట. ఆ స్థితిని మార్చవలెననియే గదా 1937లో మందుముల నరసింగరావుగారి అధ్యక్షతన ఇదే నిజామాబాదులో ఆంధ్రమహాసభ సమావేశమైనది! ప్రభువులు మారి, పెద్దల చావడి మారకున్నచో ఆ కృషికి ఫలమేమి?

కావున సిరికొండవంటి గ్రామమునకు మేము సూచించు పద్ధతి యిది. మొదట ప్రతి వార్డులోను, ప్రతి తండాలోను విడివిడిగా కూర్చుండి వినవలెను. స్త్రీలను వారికి తీరిక కలుగు వేళ, వారి వాకిటనే అడుగవలెను. గల్ఫులో ఉన్నవారిని ఫోనుద్వారా అడుగవలెను. పంపిన సొమ్ముతో నిలిచిన యిండ్లు వారివి, తిరిగి వచ్చి బ్రతుకవలసిన ఊరును వారిదే. నేలమీద ముగ్గుతో ఊరి పటము గీయించినచో చదువురాని వృద్ధుడును పూడిపోయిన కాలువ ఎచ్చటనో చూపగలడు. తండాలు పలుచోట్ల 2018 చట్టముచే వేరు పంచాయతు లైనవి. కాని వాగు, బాట, అంగడి, ఆసుపత్రి ఉమ్మడివే. ఈ విషయములలో ఇరుగుపొరుగు పంచాయతులు కలిసి కూర్చుండక తప్పదు.

ప్రశ్నలు నాలుగు చాలును. ఊరిలో ఏది నిలుపుకొనవలెను? ఏది కావలెను? దేనికి భయపడుచున్నారు? ఊరికొరకు మీరేమి యిత్తురు? మూడవ ప్రశ్న వ్యర్థమని తలంపరాదు. 1937లో స్థాపింపబడిన బోధను చక్కెర కర్మాగారము 2002లో ప్రైవేటు భాగస్వాముల చేతికి పోయి 2015 డిసెంబరులో మూతపడెను. దానిని నమ్మి చెరకు వేసినవారు, అందు పని చేసినవారు పడిన పాట్లు బోధనులో ఎవరినడిగినను చెప్పుదురు. ఒక్క పంటను, ఒక్క కర్మాగారమును, లేదా ఒక్క దూరదేశపు కొలువును నమ్మిన ఊరు అది పోయిననాడు ఏమి చేయునని ముందే అడుగుట దూరదృష్టి. నాలుగవ ప్రశ్న లేకున్న సభ యాచకుల కూటమగును. బాటకు జాగా విడుచువారు, పూడికతీతకు చేయి కలుపువారు ఉన్నప్పుడే ప్రణాళికకు ప్రాణము.

అన్నిటికన్న ముఖ్యమైనది చివరి మెట్టు. విన్నదానిని వ్రాసి, వ్రాసినదానిని గ్రామసభలో బిగ్గరగా చదివి, గైకొననిదానికి కారణము చెప్పవలెను. ఆరుమాసములకు మరల అదే పట్టికను చదువవలెను. మాట నెగ్గనివాడు కూడ కారణము విన్నచో మరల సభకు వచ్చును. కారణము వినిపింపనినాడు నెగ్గినవాడును రాడు.

సిరికొండ సర్పంచునకు, వార్డు సభ్యులకు ఇందుకు కొత్త శాసన మక్కరలేదు, కొత్త సొమ్ము అక్కరలేదు. ఓపిక యొక్కటియే కావలెను. భూస్వాములు చావడి అరుగు దిగి ఒక్కసారి తండాకు నడిచిపోయి వినుదురుగాక. అక్కడ వినబడునది తమకు రుచింపక పోవచ్చును; కాని అదియు తమ ఊరి మాటయే.