ట్రక్కు బెడ్డుకి లైనర్ మనమే వేసుకుంటే

ఈ వారం మన ముచ్చట పికప్ ట్రక్కు వెనక భాగం గురించి. ట్రక్కు కొన్నవాళ్ళకి తెలిసిందే కదండీ, ఊళ్ళో ఇల్లు మారే ప్రతి స్నేహితుడికీ ముందు మన నంబరే గుర్తొస్తుంది. ఉగాది ఫంక్షన్‌కి స్టేజి సామాను మోయాలన్నా మనమే. సోఫాలూ, ఇనప కుర్చీలూ, మల్చ్ బస్తాలూ లాగిలాగి బెడ్డంతా గీతలు పడుతుంది. గీత పడ్డచోట రంగు పోతుంది, తడి చేరుతుంది, తుప్పు మొదలవుతుంది. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

దీనికి మందు స్ప్రే లైనర్. ఆరాక గట్టిగా, గరుకుగా, కాస్త రబ్బరులా ఉండే పూత. రైనో లైనింగ్స్, లైన్-ఎక్స్ లాంటి షాపుల్లో రెండు రసాయనాల్ని వేడి చేసి, ఎక్కువ ఒత్తిడితో కలిపి చల్లుతారు. సెకన్లలో గట్టిపడుతుంది. ఆ యంత్రం మన ఇళ్ళలో ఉండదు కాబట్టి, మనం కొనే కిట్టు అంత మందంగా రాదు. కాని ఖర్చులో చాలా తేడా ఉంది. షాపులో సాధారణంగా 500 డాలర్లు దాటుతుంది, కిట్టు చాలావరకు 200 లోపే వస్తుంది.

కిట్లలో మూడు రకాలున్నాయి. ఒకటి, నీళ్ళతో కలిపిన పూత. రెండోది, హెర్క్యులైనర్ లాంటి ఒక్క డబ్బా యూరెథేన్. గాలిలోని తేమతో గట్టిపడుతుంది, రోలర్‌తో వేస్తారు. మూడోది, రాప్టర్ లాంటి రెండు భాగాల యూరెథేన్. మూడు వంతుల పూతకి ఒక వంతు హార్డెనర్ కలిపి, సీసాకే గన్ను బిగించి, కంప్రెసర్‌తో చల్లుతారు.

ఏది కొన్నా రెండు విషయాలు ముఖ్యం. ఒకటి ట్రక్కుని కాపాడేది, రెండోది మనల్ని కాపాడేది.

ట్రక్కుని కాపాడేది ముందు చేసే తయారీ. సంక్రాంతికి సున్నం వేసేముందు మన ఊళ్ళలో గోడ మీది పాత పెచ్చులు గీకుతారు చూడండి, అదే సూత్రం. చల్లడం గంటలో పని, తయారీకి రోజంతా పడుతుంది. ముందు టెయిల్‌గేటు, కొక్కేలు, బోల్టులు విప్పండి. గిన్నెలు తోమే సబ్బుతో బెడ్డు బాగా కడిగి ఆరబెట్టండి. తర్వాత మైనం, నూనె తీసే ద్రావకంతో తుడవండి. ఇది గరుకు పెట్టేముందే జరగాలి, లేకపోతే నూనెని మనమే గీతల్లోకి రుద్దినట్టవుతుంది. ఆపైన ముతక స్కాచ్-బ్రైట్‌తోనో ఉప్పు కాగితంతోనో మెరుపంతా పోయేదాకా రుద్దండి. నున్నటి రంగు మీద పూత అంటుకోదు, ఏడాది తిరక్కుండా అట్టలా లేచిపోతుంది. మూలలూ, గాడులూ వదిలేయకండి, ఊడడం అక్కడే మొదలవుతుంది.

తుప్పుంటే లోహం కనబడేదాకా గీకి, డబ్బా మీద చెప్పిన ప్రైమర్ వేయండి. తుప్పు మీదే పూత వేస్తే అది అడుగున తింటూనే ఉంటుంది, పైకి కనబడదు. ఫోర్డ్ ఎఫ్-150 వాళ్ళకి ఒక మాట. 2015 మోడల్ నుంచి దాని బాడీ అల్యూమినియం. ఎర్రతుప్పు పట్టదు కాని, ఇనప తీగల బ్రష్ వాడకూడదు, ప్రైమర్ కూడా అల్యూమినియంకి పనికొచ్చేదే తీసుకోవాలి.

కొనేముందు లెక్క చూసుకోండి. ఆరున్నర అడుగుల బెడ్డుకి నేల, గోడలు, టెయిల్‌గేటు కలిపి సుమారు 80 చదరపు అడుగులు. రెండు పూతలంటే 160. హార్డెనర్ కలిపిన పూత డబ్బాలోనే గట్టిపడుతుంది కాబట్టి ఒకేసారి అంతా కలపకండి. మరీ చలిగానో తడిగానో ఉన్న రోజు మొదలుపెట్టకండి. వేశాక ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది, కాని బరువులు పెట్టడానికి వారం ఆగడం మంచిది.

ఇప్పుడు మనల్ని కాపాడేది. యూరెథేన్ పూతల్లో ఐసోసయనేట్ అనే రసాయనాలుంటాయి. ఈ పేరు మనకి కొత్త కాదు. 1984 డిసెంబరులో భోపాల్‌లో వేలమందిని బలిగొన్నది మిథైల్ ఐసోసయనేట్. హార్డెనర్‌లో ఉండేది అదే పదార్థం కాదు, అంత సులువుగా ఆవిరయ్యేదీ కాదు. కాని అదే కుటుంబం. గన్నుతో చల్లినప్పుడు సన్నటి తుంపరగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒకసారి శరీరానికి అది పడకుండా పోతే, తర్వాత రవ్వంత తగిలినా ఉబ్బసం రావచ్చు. వాసనని బట్టి జాగ్రత్తపడదామంటే కుదరదు, హాని చేసే మోతాదులో కూడా వాసన తెలియకపోవచ్చు. గుడ్డ మాస్కూ, దుమ్ము మాస్కూ దీనికి దేనికీ పనికిరావు. బాడీ షాపుల్లో బయటినుంచి గొట్టంతో మంచి గాలి పంపే మాస్కు వాడతారు.

మన ఇళ్ళలో చాలావాటికి గరాజి ఇంటికే అంటుకుని ఉంటుంది. లోపలి తలుపు తీస్తే వంటిల్లో, హాలో. పిల్లలు అటూ ఇటూ తిరుగుతుంటారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఆయాసపడేవాళ్ళయితే మరీ కష్టం. పైగా చాలా గరాజిల్లో గ్యాస్ వాటర్ హీటర్ ఉంటుంది. ద్రావకం ఆవిరికి ఆ మంట చాలు.

అందుకని నా సలహా ఇది. రెండు భాగాల రకం చల్లాలంటే ఆ గాలి మాస్కు ఉండాలి. లేకపోతే ఆ పని షాపుకే వదిలేయండి. ఒక్క డబ్బా రకమైతే ఆరుబయట, రోలర్‌తో, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జి మాస్కూ, నైట్రైల్ గ్లవ్సూ, కళ్ళద్దాలూ పెట్టుకుని వేయండి. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే నీళ్ళ రకం తీసుకోండి. కాస్త తొందరగా అరుగుతుంది, మళ్ళీ వేసుకోవచ్చు. ఏదైనా సరే, కొనేముందు సేఫ్టీ డేటా షీటు చదవండి. కాంట్రాక్టు కాగితాలు అక్షరం వదలకుండా చదివే మనకి అదేం కష్టం కాదు.

ఆఖరుగా ఒక్క విషయం. లాన్ మోవర్‌కి గ్యాస్ క్యాన్ నింపేటప్పుడు దాన్ని బెడ్డు మీదే ఉంచి నింపకండి, కింద నేల మీద పెట్టండి. ప్లాస్టిక్ లైనర్ మీద ఉంచితే స్థిరవిద్యుత్తు నేలలోకి పోయే దారి లేక నిప్పురవ్వ పుట్టవచ్చు. ఇలాంటి మంటల గురించి అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ 1998లోనే హెచ్చరించింది.

మిగిలే 300 డాలర్ల కోసం చేసే పని ఇది. బెడ్డు మీద గీత పడితే మళ్ళీ పూత వేసుకోవచ్చు, ఊపిరితిత్తులకి అలాంటి వీలు లేదండీ. వచ్చేవారం మళ్ళీ కలుద్దాం. సెలవు.